మంచు మీద మోకాలికి రక్షణ డుమస్ ఇసుకలోనే మొదలు

సూరత్ నగరానికి నైరుతి దిశలో, అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న డుమస్ తీరం నల్లని ఇసుకకు ప్రసిద్ధి. ఆదివారం సాయంత్రాల్లో సందర్శకులతో కిటకిటలాడే ఈ తీరానికీ, మంచు కప్పుకున్న గుల్మార్గ్ వాలులకూ పైకి ఏ సంబంధమూ కనిపించదు. అయితే శీతకాలపు సెలవుల్లో స్కీయింగ్, స్నోబోర్డింగ్ నేర్చుకోవాలని హిమాలయాలకు బయలుదేరే మైదాన ప్రాంత వాసి గాయపడకుండా ఉండాలంటే, అందుకు తగిన సన్నాహం ఇలాంటి చోటనే జరగాలి. మంచు మీద అడుగుపెట్టిన తరువాత కండరాలను బలపరచుకునే వ్యవధి ఉండదు.

సూరత్ మరమగ్గాల పరిశ్రమను నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా నివసిస్తున్నాయి. మగ్గాల మధ్య షిఫ్టు పొడవునా నిలబడి పనిచేసే వ్యక్తికైనా, దుకాణంలో రోజంతా తిరిగే వ్యాపారికైనా మోకాలి గాయం ఒక్క సెలవుతో పోయేది కాదు. మోకాలిలోని ముఖ్యమైన లిగమెంటు తెగి శస్త్రచికిత్స అవసరమైతే, తిరిగి ఆటలు ఆడే స్థాయికి చేరుకోవడానికి సాధారణంగా తొమ్మిది నెలలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. నాలుగు రోజుల విహారయాత్ర ఏడాది సంపాదనను దెబ్బతీయగలదు.

గాయం ఎక్కడ, ఎందుకు?

స్కీయింగ్‌లో అత్యధికంగా దెబ్బతినేది మోకాలు. మొత్తం గాయాలలో దాదాపు మూడో వంతు మోకాలికి సంబంధించినవే. స్కీయింగ్ బూటు గట్టిగా ఉండి, చీలమండను కదలనివ్వదు. దాని కింద పొడవైన స్కీ ఉంటుంది. స్కీ ఒక దిక్కుకు, శరీరం మరో దిక్కుకు తిరిగినప్పుడు ఆ మెలిక బలమంతా బూటు పైనున్న మోకాలి మీద పడుతుంది. పడిపోయినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిపోయేలా బైండింగులను రూపొందించారు. ఇవి మెరుగుపడిన కొద్దీ, 1970ల నుంచి ముంగాలి ఎముక విరిగే ప్రమాదాలు బాగా తగ్గాయి. మోకాలి లిగమెంటు గాయాలను మాత్రం ఇవి పూర్తిగా ఆపలేకపోయాయి.

స్నోబోర్డింగ్‌లో పరిస్థితి వేరు. రెండు పాదాలూ ఒకే పలకకు బిగించి ఉంటాయి. తూలినప్పుడు కాలు ముందుకు వేసి నిలదొక్కుకునే వీలు లేదు. కొత్తవారు చేతులు చాచి నేలను ఆపబోతారు. అందువల్ల మణికట్టు ఎముక విరగడం ఈ క్రీడలో సర్వసాధారణం. మణికట్టు రక్షణ పట్టీలు ఈ ముప్పును తగ్గిస్తాయి. రెండు క్రీడలకూ హెల్మెట్ తప్పనిసరిగా భావించాలి.

కాళ్లే బ్రేకులు

కొండ ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి తొడల బలం కావాలి. వాలు మీద జారుతున్నప్పుడు తొడ ముందు భాగపు కండరాలు సాగుతూనే శరీర బరువును ఆపుతుంటాయి. వాహనానికి బ్రేకులు చేసే పని ఇదే. సమతల నగరంలో ఏడాదంతా లిఫ్టులో, స్కూటరుపై తిరిగే వ్యక్తి కండరాలకు ఈ పని అలవాటు ఉండదు. ఫలితంగా మొదటి రోజు గడిచిన తరువాత 24 నుంచి 72 గంటల వరకు తొడలు పట్టేస్తాయి. అలసిన కండరం మోకాలిని సమయానికి కాపాడలేదు.

ఈ బలాన్ని పెంచుకోవడానికి ఖరీదైన వ్యాయామశాల అవసరం లేదు. బడిలో శిక్షగా వేయించిన గోడకుర్చీయే ఇందుకు మేలైన సాధన. వీపును గోడకు ఆనించి, తొడలు నేలకు సమాంతరంగా వచ్చేలా కూర్చున్నట్లు నిలవాలి. 20 సెకన్లతో ప్రారంభించి క్రమంగా నిమిషానికి పెంచుకోవచ్చు. నిదానంగా చేసే గుంజీలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. కిందికి దిగేటప్పుడు మూడు అంకెలు లెక్కించాలి. మోకాళ్లు లోపలికి ఒరగకుండా, కాలి వేళ్ల దిశలోనే ఉండాలి. అపార్టుమెంట్లలో ఉండేవారు మెట్లు ఎక్కడం కంటే నెమ్మదిగా దిగడంపై దృష్టి పెట్టడం మేలు.

డుమస్ ఇసుక ఇక్కడే ఉపయోగపడుతుంది. గట్టి నేల మీద నడకతో పోలిస్తే మెత్తని ఇసుకలో అదే వేగంతో నడవడానికి రెండింతలకు మించి శక్తి ఖర్చవుతుందని పరిశోధనలు తేల్చాయి. కుంగే ఇసుక మీద చీలమండ, పిక్క, తుంటి కండరాలు ప్రతి అడుగులోనూ సమతూకం కోసం శ్రమిస్తాయి. పొడి ఇసుకలో పది నిమిషాలు, తడిసి గట్టిపడిన ఇసుకపై పది నిమిషాలు మార్చి మార్చి నడవడం తొలి వారాలకు సరిపోతుంది. ఈ తీరంలో ఆటుపోట్ల తేడా ఎక్కువ కాబట్టి సమయం చూసుకుని వెళ్లాలి. బురదగా ఉన్న చోట కాలు దిగబడి బెణికే ప్రమాదం ఉంది. నీటిలోకి దిగడం క్షేమం కాదు.

దీపావళి నుంచి సంక్రాంతి వరకు

ఈ సన్నాహానికి కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. దీపావళి సెలవుల్లో ప్రారంభిస్తే సంక్రాంతి నాటికి శరీరం సిద్ధమవుతుంది. గుల్మార్గ్, ఔలీ వంటి చోట్ల జనవరి, ఫిబ్రవరి నెలలే స్కీయింగ్‌కు అనువైన కాలం.

మొదటి మూడు వారాలు నడక, మెట్లు, గోడకుర్చీ చాలు. తరువాతి మూడు వారాల్లో ఒంటికాలిపై నిలబడటం, ముందుకు అడుగు వేసి మోకాలు వంచడం, పొట్ట, నడుము కండరాలకు బలాన్నిచ్చే ప్లాంక్ చేర్చాలి. చివరి దశలో పక్కలకు గెంతి, చప్పుడు కాకుండా మోకాళ్లు వంచి నేలకు దిగడం అభ్యసించాలి. మలుపు తిరిగేటప్పుడు కాళ్లు చేయవలసిన పని అదే. వారానికి మూడు రోజుల సాధన, మధ్యలో విశ్రాంతి ఉండాలి. ప్రయాణానికి ముందు వారం తీవ్రత తగ్గించాలి. పాత మోకాలి గాయం, గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహా తీసుకున్న తరువాతే ప్రారంభించాలి.

ఎత్తు, అలసట

డుమస్ సముద్ర మట్టంలో ఉంది. గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి రోప్‌వే రెండో దశ 3,900 మీటర్లు దాటి అఫర్వత్ శిఖరం వైపు తీసుకువెళుతుంది. 2,500 మీటర్లు దాటితే తలనొప్పి, వికారం, నిద్రలేమి వంటి ఎత్తు సంబంధిత అస్వస్థత ఎవరికైనా రావచ్చు. మంచి దేహదారుఢ్యం ఉన్నా దీని నుంచి మినహాయింపు ఉండదు. అందువల్ల చేరిన రోజున విశ్రాంతి తీసుకుని, తగినంత నీరు తాగుతూ, మరుసటి రోజు కింది వాలులలోనే అభ్యాసం మొదలుపెట్టాలి.

వ్యాయామం శిక్షణకు ప్రత్యామ్నాయం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. గాయపడేవారిలో కొత్తవారి నిష్పత్తి ఎక్కువ. అర్హత కలిగిన శిక్షకుని వద్ద ముందుగా ఆగడం, తరువాత పడటం నేర్చుకోవాలి. బూట్లు అద్దెకు తీసుకునేటప్పుడు బరువు, ఎత్తు, వయసు, అనుభవం ఉన్నవి ఉన్నట్లు చెప్పాలి. బైండింగ్ ఎంత బలానికి ఊడాలన్నది ఆ వివరాలను బట్టే బిగిస్తారు. మొహమాటపడి అనుభవం ఎక్కువగా చెబితే, ఊడవలసిన సమయంలో అది ఊడకపోవచ్చు.

మధ్యాహ్నం దాటే కొద్దీ కాళ్లు అలసిపోతాయి, మంచు స్వభావమూ మారుతుంది. ఇంకొక్కసారి జారి వద్దామన్న ఉత్సాహం కలిగినప్పుడు తొడలు వణుకుతుంటే ఆ రోజుకు అంతటితో ఆపడమే వివేకం. రెండు నెలల పాటు ఇసుకలో నడిచిన కాళ్లకు ఎప్పుడు ఆగాలో కూడా తెలియాలి.