రెండు భాషలు నేర్చిన మెదడు

మన పెద్దకడుబూరు ప్రాంతపు ముస్లిం ఇళ్లలో ఉర్దూ, వీధిలో తెలుగు వినిపిస్తాయి. ఆదోని పత్తి మార్కెట్‌కు వెళితే కన్నడమూ చెవిన పడుతుంది. దీనిని మనమెవరమూ విద్యగా లెక్కించము. పైగా, పిల్లలు ఇంగ్లీషులో వెనుకబడతారన్న భయంతో కొందరు తల్లిదండ్రులు దాదీమాతో ఉర్దూలో మాట్లాడటాన్ని సైతం మాన్పిస్తున్నారు. తెలుగు మనది కాదనే ధోరణి మరికొందరిది. రెండూ అనుచితమే.

రెండు భాషలు పిల్లల బుద్ధిని తికమక పెడతాయని పూర్వం చాలామంది విద్యావేత్తలు భావించేవారు. ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించినవారిలో కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎలెన్ బియాలిస్టాక్ ముఖ్యులు. రెండు భాషలు వచ్చినవారిలో డిమెన్షియా, అనగా జ్ఞాపకశక్తిని, వివేచనను హరించే వ్యాధి, సుమారు 4 ఏళ్లు ఆలస్యంగా కనబడుతోందని 2007లో ఆమె బృందం ప్రకటించింది. కానీ ఆ రోగులలో అనేకులు వలస వచ్చినవారు. తేడా భాష వల్లనా, వలస జీవితం వల్లనా అన్న ఆక్షేపణ తలెత్తింది.

దానికి సమాధానం హైదరాబాద్‌లో లభించింది. అక్కడ వలస వెళ్లనివారికి కూడా తెలుగు, ఉర్దూ రెండూ వస్తాయి కదా! నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్య నిపుణురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ తదితరులతో కలిసి 648 మంది రోగుల వివరాలను పరిశీలించారు. వారిలో 391 మందికి రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారిలో వ్యాధి సగటున 61.1 ఏళ్లకు, మిగతావారిలో 65.6 ఏళ్లకు మొదలైనట్లు తేలింది. 2013లో ఈ ఫలితాలు ‘న్యూరాలజీ’ పత్రికలో వెలువడ్డాయి.

నన్ను అధికంగా ఆలోచింపజేసినది మరొక అంశం. నిరక్షరాస్యులలో ఈ తేడా 6 ఏళ్లు! అనగా ఇది బడి చదువు వల్ల కలిగిన తేడా కాదు. రెండు భాషలు తెలిసినవారు నోరు తెరిచిన ప్రతిసారీ మెదడు ఒక భాషను ఎంచుకొని, రెండవదానిని అదుపులో ఉంచవలసి వస్తుంది. జీవితాంతం సాగే ఈ సాధనే మెదడుకు బలమిస్తుందని పరిశోధకుల వివరణ. అది వ్యాధిని నివారించదు, నయం చేయదు, ఆలస్యం చేస్తుందంతే. తరువాత ఇతర దేశాలలో జరిగిన అధ్యయనాలన్నీ ఇదే ఫలితాన్ని చూపలేదన్నది కూడా గమనార్హం.

పరభాషాభ్యాసం మన సంప్రదాయానికి కొత్త కాదు. దైవప్రవక్త (స) ఆదేశంపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని సుమారు పక్షం రోజులలోనే నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

రెండుకు మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు ప్రయోజనం హైదరాబాద్ అధ్యయనంలో కనబడలేదు. కన్నడం కూడా నేర్చిన మన ఆదోని వ్యాపారులు ఈ మాట విని నిరుత్సాహపడతారేమో! బేరానికి మాత్రం వారికి ఆ మూడవ భాష పనికివస్తూనే ఉంది.