ధనుర్మాసపు బూజుకర్ర

మార్గశిరము సగము గడచి, తెల్లవారుజామున వీధిలో హరిదాసు చిడతల చప్పుడు వినవచ్చు దినములలో తెలుగువారి యిండ్ల నొక సంరంభము మొదలగును. సున్నపు తొట్టియు, ఎఱ్ఱమట్టి ముద్దయు బయటికి వచ్చును. వానికన్నిటికిని ముందుగా, ఏడాది పొడుగున అటకమీద పడియుండిన బూజుకర్ర దిగివచ్చును. మా నాయనమ్మ ముక్కుకు చీరచెంగు చుట్టుకొని, తనకంటె రెండింతలు పొడవైన ఆ వెదురుబొంగును నా చేతికిచ్చి, “గూడు లాగెయ్యరా అబ్బాయీ, పురుగు జోలికి మాత్రం పోకు” అని క్రిందనుండి కేకవేయుచుండెడిది. ఆ మాటలోని శాస్త్రము నాకు బోధపడుటకు నలువదియేండ్లు పట్టినది.

చలికి తాళలేక సాలీళ్ళు శీతకాలమున ఇండ్లలో జొరబడునని లోకములో నొక ప్రతీతి కలదు. ఐరోపా దేశములందు శరత్కాలమున మగ సాలీళ్ళు జోడును వెదకుకొనుచు గోడలవెంట తిరుగాడి జనుల కంటబడుటచే అచ్చట నిట్టి నమ్మకము బలపడియుండును. మనకంత చలియెక్కడిది? మన గోడలమీద కనబడునవి చాలవఱకు ఏడాది పొడుగునను మనతోడనే కాపురముండునవి. వరి పొట్టకు వచ్చి పండు నాళ్ళలో, డెల్టా గ్రామములందు కార్తికమాసపు రాత్రులు దీపముచుట్టు పచ్చదీపపు పురుగులు రాశులుగా రాలుట యెఱుగనివారుండరు. అన్నమున్నచోటికి అతిథి వచ్చినట్లు ఆ పురుగుల వెంబడి సాలీడు వచ్చును, బల్లియు వచ్చును. తిని బలిసిన సాలీడు మూలమూలల నేసిన వలలు, సంక్రాంతికి ఇల్లు దులుపబోవు వేళకు మన కంటికి ఆనును.

సాలె యనగా నేతగాడు. ఆ పేరు దీనికూరక రాలేదు. వల పాతబడి దుమ్ముపట్టినంతనే దానిని విడిచి వేఱొకచోట క్రొత్తది నేసికొనును. ఆ విడిచినదే మనము బూజని యీసడించునది. అయితే అన్నియు ఒక్కతీరువి కావు. వెండ్రుకలవంటి కాళ్ళతో స్నానాలగది మూలను తలక్రిందుగా వ్రేలాడుచు, తాకినంతనే వలనంతయు గడగడ వణికించునది యొకటి. వల నేయక, అరచేతి వెడల్పున గోడకు కరచుకొనియుండి, రాత్రివేళ బొద్దింకలను వేటాడునది మఱియొకటి. దీని తల్లి తెల్లని బిళ్ళవంటి గ్రుడ్లసంచిని పొట్టక్రింద పొదివికొని తిరుగును. ఇక కిటికీచట్రముమీద గెంతుచు, మనము కదలినప్పుడెల్ల తలత్రిప్పి తన ముందరి పెద్దకన్నులు రెండింటితో మనలను పరీక్షించు చిన్నదానిని చూచి ఆగ్రహింపగలవాడు నాకింతవఱకు తారసపడలేదు.

నిద్రలేచునప్పటికి మెడమీద మంటయు పొక్కులును కానవచ్చినచో “సాలెపురుగు పాకినది” అనుట మనకు వాడుక. అది తఱచుగా నిరపరాధిపై మోపిన నింద. వర్షాకాలము వెనుక దీపమునకు వచ్చు, ఎఱుపును నలుపును పట్టెలుగాగల సన్నని రెక్కలపురుగు నొకదానిని చర్మముపై నలిపినయెడల దాని రసమే అట్టి పొక్కులను పుట్టించును. ఏ పాపము నెఱుగని సాలీడే నేరస్థురాలైనది!

కావున సాలీళ్ళను తగ్గింపగోరువారు మొదట దీపమును చూడవలెను. వాకిటిముందటి తెల్లని దీపమునకు బదులు పసుపుపచ్చని దానిని పెట్టినచో పురుగులు తగ్గును. సంధ్యవేళ కిటికీలు మూయుట, తలుపుక్రింది సందునకు గుడ్డచుట్ట యడ్డుపెట్టుట, పాతపత్రికల దొంతరలను కదలించుట, పొయ్యికట్టెలను గోడకు దూరముగా పేర్చుట, ఇవన్నియు నాయనమ్మల నాటివే. బూజు దులుపునప్పుడు దూదివలె మూలలనంటియుండు గ్రుడ్లసంచులను విడువరాదు. కొన్నిజాతుల సంచి యొక్కదానిలో నూర్లకొలది పిల్లలుండును. పురుగుమందు చిమ్ముట మాత్రము నాకు సమ్మతము కాదు: సాలీడు కాళ్ళకొసలపై నిలిచి నడచునదగుటచే నేలమీది మందు దానికంతగా నంటదు, మనుష్యులకు దగ్గు మిగులును. నిమ్మనూనె చల్లిన పాఱిపోవునను మాటయు నిలువలేదు. 2018లో వెలువడిన యొక పరిశోధనమున అది పనిచేయలేదు, పిప్పరమెంటు తైలమునకు మాత్రము కొన్ని జాతులు వెనుదీసినవి. తప్పక వెడలగొట్టవలసివచ్చినచో గాజుగ్లాసు బోర్లించి, క్రిందనొక అట్టముక్క జొనిపి, పెరటిలో విడుచుటకు నిమిషము పట్టదు.

సాలీడునకును దీపమునకును వైరము మన పురాణములకు క్రొత్తకాదు. శ్రీకాళహస్తిలోని ‘శ్రీ’ సాలీడే. శివలింగమునకు దారములతో తాను కట్టిన గుడి దీపశిఖకు కాలిపోగా, ఆ జ్వాలనే మ్రింగబోయి ముక్తి పొందినదని కథ. మన జిల్లాలకే చెందిన మఱియొక సాలీడును 1899లో పోకాక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు, అనంతపురము చెంతనున్న గుత్తిలో దొరికిన దానినిబట్టి వర్ణించెను. నీలమణివలె మెఱయు ఆ జీవి చెట్టుతొఱ్ఱలలో వసించునది, నేడు అంతరించు దశకు చేరువైనది. దాని చిత్రమును చూచి జడిసి తమ యింటి మూలనున్నదానిని చెప్పుతో కొట్టువారు మనలో కలరు.

భోగికి ముందు బూజుకర్రను దింపుడు; పడకగదిని, వంటింటిని, దేవునిగూటిని నిర్దాక్షిణ్యముగా దులుపుడు. స్నానాలగది మూలను తలక్రిందుగా వ్రేలాడు ముసలిదానిని మాత్రము ఈ యేటికి విడిచిపెట్టుడు.