దక్షిణ జార్జియా: శిథిలాల నడుమ చిగురించిన జీవకళ

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో, ఫాక్లండ్ దీవులకు తూర్పుగా వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరాన దక్షిణ జార్జియా అను ద్వీపం గలదు. అక్కడ విమానాశ్రయం లేదు; శాశ్వత నివాసులును లేరు. సందర్శకులు రోజుల తరబడి ఓడలో పయనించి చేరవలసినదే. మానవుడు ప్రకృతికి చేసిన అపకారమును, ఆపై చేసిన ఉపకారమును ఒకేచోట చూడగోరినవారికి ఇంతకు మించిన పాఠశాల అరుదు.

1775లో కెప్టెన్ కుక్ ఈ తీరమున దిగెను. ఇచ్చట సీల్ జంతువులు విస్తారముగా గలవను వార్త ఆయన వ్రాతల ద్వారా వ్యాపించగా, చర్మముల కొరకు వేటగాండ్రు వచ్చిపడిరి. వందేళ్లు దాటునప్పటికి బొచ్చు సీళ్లు దాదాపు అంతరించినవి. పిదప తిమింగలాల వంతు వచ్చినది. 1904లో నార్వే దేశీయుడైన లార్సెన్ గ్రిట్వికెన్‌లో వేట కేంద్రమును స్థాపించెను. గ్రిట్వికెన్ అనగా కాగుల రేవు. సీళ్ల కొవ్వును కరగించిన కాగులే ఆ పేరునకు మూలము. 1965 నాటికి ఈ ద్వీపపు కేంద్రాలలో సుమారు 1,75,000 తిమింగలాలు నూనెగా మారినవి. వేటకు తిమింగలాలు కరవైన పిదపనే ఆ కేంద్రములు మూతపడినవి.

నేడు సందర్శకులకు అచ్చట తుప్పుపట్టిన నూనె తొట్లు, 1913లో వెలసిన చర్చి, ఒక మ్యూజియము, 1922లో మరణించిన ధ్రువ సాహసికుడు షాకిల్టన్ సమాధి కనిపించును. 1916లో ఆయన ఇద్దరు సహచరులతో ఈ ద్వీపపు మంచుకొండలను కాలినడకన దాటి, ఎలిఫెంట్ ద్వీపమున చిక్కుకొన్న తన సిబ్బందికి సహాయము పంపగలిగెను.

వేట ఆగిన పిదప సీళ్లు తిరిగి లక్షల సంఖ్యకు పెరిగినవి. సెయింట్ ఆండ్రూస్ బే తీరమున రాజ పెంగ్విన్లు వేలకు వేలుగా బారులు తీరును. 2020 నాటి సర్వేలో పరిశోధకులు 55 నీలి తిమింగలాలను చూడగలిగిరి. ఓడల వెంట వచ్చిన ఎలుకలు పక్షుల గ్రుడ్లను, పిల్లలను తినివేయుచుండెను. 2011 నుండి హెలికాప్టర్ల ద్వారా విషపు ఎరలు చల్లి వాటిని నిర్మూలించిరి. 2018లో ద్వీపము ఎలుకలు లేనిదిగా ప్రకటింపబడినది. దానితో పిపిట్ అను చిన్న పాటపిట్ట మరల గూళ్లు కట్టసాగినది.

అయినను ఆపద తీరలేదు. 2023లో పక్షుల ఫ్లూ అచ్చటికి చేరి సీళ్లను సైతము బలిగొన్నది. కనుకనే సందర్శకులు దిగుటకు ముందు బూట్లు కడుగుకొనవలెను. జేబులలో, దుస్తుల మడతలలో విత్తనములు లేకుండ దులుపుకొనవలెను.

విద్యార్థులారా! చెరచుటకు కొద్దిమంది దురాశ చాలును. దిద్దుటకు తరముల ఓర్పు కావలెను. ప్రకృతి ముంగిట అతిథులుగా మెలగుటయే మన ధర్మమని ఈ ద్వీపము మనకు బోధించుచున్నది.