వైద్యుడెవరు? దొంగ వైద్యుడెవరు?

బాలలూ! కాలికి జలగ పడితే మనం చేత్తో లాగి పారేస్తాం. మరి చేతుల్లేని చేప ఏం చేయాలి? వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి! పగడపు దిబ్బల్లో అలాంటి వైద్యుడు నిజంగానే ఉన్నాడు.

అతని పేరు క్లీనర్ రాస్. శాస్త్రీయ నామం లాబ్రాయిడెస్ డిమిడియేటస్. పొడవు మహా అయితే 14 సెంటీమీటర్లు. నీలి ఒంటిమీద మూతి నుండి తోక దాకా ఒక నల్లని చార. తోకవైపు పోయేకొద్దీ అది వెడల్పవుతుంది.

ఈ చేప ఎర్ర సముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం మొదలుకొని పసిఫిక్ దీవుల వరకు నివసిస్తుంది. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ దీవుల్లో కనిపిస్తుంది. పగడాలు పెరగడానికి వెచ్చని, తేట నీరు కావాలి. గోదావరి, కృష్ణ నదులు ఒండ్రు తెచ్చి కలిపే మన కోస్తాలో అలాంటి పెద్ద దిబ్బలు లేవు.

క్లీనర్ రాస్ ఒకచోట 'ఆసుపత్రి' పెట్టుకుంటుంది. పైకీ కిందికీ ఊగుతూ నాట్యం చేసి రోగులను పిలుస్తుంది. పెద్ద చేపలు వచ్చి, నోరూ మొప్పలూ తెరచి కదలకుండా నిలుస్తాయి. ఇది లోపలికి దూరి పరాన్నజీవులను ఏరుకు తింటుంది. రోగికి బాధ తీరుతుంది, వైద్యుడికి కడుపు నిండుతుంది. ఆస్ట్రేలియాలోని లిజార్డ్ దీవి దగ్గర అలెగ్జాండ్రా గ్రటర్ అనే శాస్త్రజ్ఞురాలు పరిశోధించి, ఒక్కొక్క చేప రోజుకు సుమారు 1,200 పరాన్నజీవులను తింటుందని 1996లో ప్రకటించారు.

ఆ దిబ్బల్లోనే ఒక దొంగ వైద్యుడూ ఉన్నాడు. పేరు ఆస్పిడాంటస్ టీనియేటస్. ఇది బ్లెన్నీ కుటుంబానికి చెందిన చేప. అదే రంగు, అదే చార, అదే నాట్యం! నమ్మి దగ్గరకు వచ్చిన చేప వాజాన్ని కొరికి పారిపోతుంది. అనుభవం లేని చిన్న చేపలే ఎక్కువగా మోసపోతాయి. అయితే దొంగలు తక్కువగా ఉన్నంతవరకే ఈ ఆట సాగుతుంది. వాళ్ళు ఎక్కువైతే అసలు వైద్యుణ్ణి కూడా ఎవరూ నమ్మరు కదా!

మరి ఎలా గుర్తుపట్టాలి? నోరు చూడండి. వైద్యుడి నోరు మూతి చివర ఉంటుంది. దొంగ నోరు సొరచేప నోటిలా మూతి కింద ఉంటుంది. లోపల పెద్ద కోరలుంటాయి. రంగు, చార, నాట్యం అన్నీ కలిశాయి గాని నోరు మాత్రం కలవలేదు.

ఈ రెండు చేపల బొమ్మలూ మీ నోటుబుక్కులో గీసి, రంగులు వేయండి. నోరు మాత్రం జాగ్రత్తగా గీయండి సుమా!