పొడి ఎంత మెత్తనైతే అంత మేలా?

మలికిపురం, రాజోలు ప్రాంతాల్లో కొబ్బరితోటల పక్కన ఓఎన్‌జీసీ రిగ్గు నిలిచిందంటే, బావిలోకి పంపే మడ్‌కు, అంటే డ్రిల్లింగ్ ద్రవానికి, బరువు కావాలి. అడుగున ఉన్న గ్యాసు పైకి తన్నుకురాకుండా అదిమిపెట్టేది ఆ బరువే. అందుకు కలిపేది ముగ్గురాయి పొడి, అంటే బెరైటీస్. ఓబులవారిపల్లె మండలం మంగంపేట గనులకు పేరు తెచ్చిన రాయి ఇదే.

అపోహ: మెత్తగా ఆడించేకొద్దీ పొడి బరువూ నాణ్యతా పెరుగుతాయి.

వాస్తవం: ముగ్గురాయి బరువు అందులోని బేరియం సల్ఫేటుది. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా ఉండే ఆ సాంద్రత ఆడించినంత మాత్రాన పెరగదు. పెరిగేది ఉపరితలం. ఒక సెంటీమీటరు ఘనానికి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటే, దాన్నే ఒక మైక్రాన్ ఘనాలుగా ముక్కలు చేస్తే 6 చదరపు మీటర్లవుతుంది. అదంతా తడవాలంటే ద్రవం ఎక్కువ పడుతుంది. మడ్ చిక్కబడి పంపుల మీద భారం పెరుగుతుంది. అందుకే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం రెండు వైపులా గీత గీసింది: 75 మైక్రాన్ల జల్లెడపై 3 శాతానికి మించి మిగలకూడదు, 6 మైక్రాన్లకన్నా సన్నని నలుసులు 30 శాతం దాటకూడదు. సన్నని నలుసు అడుగున పేరుకోదు కదా అనవచ్చు. నిజమే, వ్యాసం సగమైతే దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ గుణం కోసమే అతి సన్నని బెరైటీస్‌నూ కొన్ని బావుల్లో వాడతారు. కానీ నలుసులు ఒకదానికొకటి అంటుకోకుండా రసాయన పూత వంటి జాగ్రత్త తీసుకోవాలి.

అపోహ: మిల్లు తిరిగినంతసేపూ పొడి సన్నబడుతూనే ఉంటుంది, ఖనిజం మాత్రం మారదు.

వాస్తవం: పొడిగా ఆడించేటప్పుడు ఒక హద్దు దాటాక నలుసులు పరస్పర ఆకర్షణతో మళ్లీ ఉండకడతాయి, మిల్లు గుండ్లకు అంటుకుంటాయి. అక్కడి నుంచి కరెంటు ఖర్చే తప్ప ఫలితం ఉండదు. సిమెంటు మిల్లుల్లో గ్లైకాల్ వంటివి కొద్దిగా కలిపేది దీన్ని ఆపడానికే. దెబ్బల శక్తి స్ఫటికం లోపలికీ వెళ్తుంది. చాలాసేపు పొడిగా ఆడిస్తే కాల్సైట్‌లో కొంత భాగం అరగొనైట్‌గా మారుతుంది, కేయోలిన్ పొరల అమరిక చెదురుతుంది, మిల్లు వేడికి జిప్సం తనలోని నీటిని కోల్పోతుంది. రసాయన సూత్రం మారని చోట కూడా కరిగే తీరు, చర్య జరిపే వేగం మారవచ్చు. ఈ మార్పు ఒక పనికి వరం, మరో పనికి చేటు.

కాబట్టి ఖనిజ పొడి కొనేవారు ఎంత మెత్తన అని అడిగి ఊరుకోకూడదు. ఏ సైజు నలుసులు ఎంత శాతం, ఎలా ఆడించారు, ఏ పనికి అన్న మూడూ అడగాలి.