బీడీ పొగా, కడుపులో బిడ్డా

నాయుడుపేట చుట్టుపక్కల పల్లెల్లో నాట్లకాలం వస్తే కయ్యల్లో నడుం వంచేది ఆడకూలీలే. నెలలు మీదపడినా పనికి పోక తప్పని తల్లులు వారిలో ఉంటారు. పొద్దుగూకి ఇల్లు చేరితే ఒకటే గది. పొయ్యి అక్కడే, పడక అక్కడే, ఇంటాయన బీడీ ముట్టించేదీ అక్కడే. ‘‘తాగేది నేను గదా, ఆమెకేమవుద్ది?’’ అంటారు మనవాళ్లు.

చాలా అవుద్ది. బీడీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తల్లి పీల్చిన విషం మాయ దాటి బిడ్డకు చేరుతుంది. నికోటిన్ కూడా అంతే. బిడ్డకు అందాల్సిన ప్రాణవాయువులో కోత పడుతుంది. కూలి కోస్తే అడగడానికి సంఘం ఉంది, ఈ కోతను అడిగేదెవరు?

పక్కవాళ్ల పొగ పీల్చిన తల్లులకు పుట్టే బిడ్డల్లో సగటున తగ్గే బరువు కొన్ని పదుల గ్రాములే. కడుపునిండా తినే ఇంట్లో అది లెక్కలోకి రాకపోవచ్చు. మన ఇళ్ల సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత. ఆ అరకొర రక్తంలోనూ పొగ వాటా తీసుకుంటే, రెండున్నర కిలోల గీత మీదున్న బిడ్డ కిందికి జారిపోతుంది. అలాంటి పసికందు జబ్బులకు తట్టుకోలేదు. పుట్టాకా అదే గది, అదే పొగ. దగ్గు, ఆయాసం, నిమోనియా. నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదమూ పెరుగుతుంది.

2008 అక్టోబరు 2 నుంచి బస్సుల్లో, ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా. స్కాట్లాండులో 2006లో ఇలాంటి చట్టం వచ్చాక నెలలు నిండని కాన్పులు తగ్గాయి. మన చట్టం మాత్రం గుడిసె గడప దాటి లోపలికి రాదు. 2016-17 సర్వేలో దేశంలోని పెద్దల్లో 38.7 శాతం మంది ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నారని తేలింది.

పగలంతా చాకిరీ చేసినవాడికి బీడీ ఒక ఊరట అని మాకు తెలుసు. అతన్ని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. గాలి వెలుతురు ఉన్న ఇల్లు, కొనగలిగే ధరకు గ్యాసు సర్కారును అడగాల్సిందే. కట్టెల పొయ్యి పొగలోనూ అదే విషవాయువుంది మరి. కానీ ఇల్లు వచ్చేదాకా బిడ్డ ఆగదు. కిటికీ తెరిస్తే చాలదు, వాకిలి దాటి దూరంగా పోయి తాగాలి. మానితే మరీ మేలు.

కార్యకర్తలకు ఒక మాట. సంఘం మీటింగులో ముందు వరసలో కడుపుతో ఉన్న అక్కచెల్లెళ్లు కూర్చుంటే, వెనక వరసలో బీడీలు వెలుగుతుంటాయి. ముందు అవి ఆర్పించండి. ఆశా కార్యకర్త గర్భిణిని చూడను వచ్చిన రోజు ఇంటాయన్ని కూడా కూర్చోబెట్టండి. మానాలనుకునేవాళ్లు 1800 11 2356 నంబరుకు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు.