వంటింటి చేతి మిక్సీ: దాని మన్నిక, ఇంటి మరమ్మతు

పప్పుగుత్తియు కవ్వమును మన వంటయిండ్లకు పాత చుట్టములు. ఒకటి ఉడికిన పప్పును మెదుపును. రెండవది పెరుగును చిలుకును. ఈ రెండు పనులను విద్యుచ్ఛక్తితో చేయు పనిముట్టును నేడు హ్యాండ్ బ్లెండరనియు, చేతి మిక్సీ యనియు పిలుచుచున్నాము. తెల్లవారగనే వంట ముగించి పిల్లలకు డబ్బా కట్టి బడికి పంపవలసిన తల్లులకు ఇది మంచి సహాయము. అయితే పప్పుగుత్తి అవ్వ చేతినుండి మనుమరాలి చేతికి వచ్చినను చెడదు. చేతి మిక్సీయో, కొన్ని యిండ్లలో రెండేండ్లు నిండకమునుపే అటక ఎక్కుచున్నది. దీనికి కారణమేమి? దానిని ఎక్కువ కాలము నిలుపుకొను ఉపాయమేమి? ఏ మరమ్మతు ఇంటిలో చేసికొనవచ్చును, ఏది చేయరాదు? ఈ విషయములను మన పాఠశాల తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

చేతి మిక్సీ స్విట్జర్లాండు దేశమున పుట్టినది. రోజర్ పెరింజాకే అను నతడు 1950లో దీనికి పేటెంటు పొందెను. దానికి పెట్టిన ‘బామిక్స్’ అను పేరు, కొట్టును, కలుపును అను అర్థమిచ్చు ఫ్రెంచి మాటలనుండి వచ్చినది. మన దేశపు మిక్సీ కథ మరమ్మతుతోనే మొదలైనది. సీమెన్సు కంపెనీలో ఇంజనీరుగా నుండిన సత్యప్రకాశ్ మాథుర్ గారి యింట జర్మనీదేశపు బ్రౌన్ మిక్సరు చెడిపోగా, ఇచ్చట దానిని బాగుచేయువారు దొరకలేదట. మన వంటకు తగిన యంత్రమును మీరే చేయుడని ఆయన సతీమణి మాధురి గారు కోరిరట. అట్లు 1963లో సుమీత్ మిక్సీ వెలువడినది. బాగుచేయు వీలులేని వస్తువు ఇంటికి ఎంత ఇబ్బందియో ఆ యిల్లాలు ఆనాడే గ్రహించినది.

చేతి మిక్సీలోని భాగములు కొద్దియే. పైన పిడిలో మోటారు, స్విచ్చి యుండును. దాని క్రింద మోటారునకును కాడకును నడుమ కప్లింగు అను చిన్న పండ్ల బిళ్ళ యుండును. కాడ లోపల సన్నని ఉక్కు కడ్డీ, దాని చివర కత్తి, కత్తికి పైన నీరు పైకి పోకుండ ఆపు సీలు ఉండును. పెక్కింటిలో మోటారు ‘యూనివర్సల్’ జాతికి చెందినది. తిరుగు చుట్టకు కరెంటు అందించుటకు ఇందులో రెండు కార్బన్ ముక్కలు రాగి పలకలపై ఒరయుచుండును. పలక బలపము వ్రాసినకొలది అరిగినట్లే ఇవియు అరుగును. ఇవి అరుగుట దోషము కాదు. వీనిని మార్చు వీలు లేకపోవుటయే దోషము.

మోటారు మాడుటకు ముఖ్య కారణము వేడి. మోటారు తిరుగుచున్నప్పుడు దానిలో ఎదురు వోల్టేజి పుట్టి కరెంటును అదుపులో నుంచును. గట్టి ముక్కలో కత్తి చిక్కి మోటారు నిలిచిపోయినచో ఆ ఎదురు వోల్టేజి లేకపోవును. కరెంటు అనేక రెట్లు పెరుగును. కొన్ని క్షణములలోనే తీగపై పూత కాలును. ఈ పూతకు పది డిగ్రీల వేడి పెరిగినకొలది ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్లు లెక్క వేయుదురు. మన బళ్లారిలో ఎండకాలమున బయటి వేడియే 40 డిగ్రీలు దాటును. కావున చల్లని దేశమున సరిపోవు వాడుక ఇచ్చట సరిపోవునని తలంపరాదు. అనేక మిక్సీల వెంట వచ్చు పుస్తకములో, ఒక నిమిషము నడిపి కొంతసేపు ఆపవలెనని వ్రాసి యుండును. ఆ వాక్యమే మిక్సీకి ప్రాణరక్ష.

రెండవ కారణము పనికి తగని పని చెప్పుట. ఉడికిన పప్పు, మజ్జిగ, పండ్ల రసము, ఉడికిన కూరగాయలు దీనికి తగినవి. ఉగ్గానికి వేయు పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, పసుపుకొమ్ము, బెల్లపు గడ్డ దీనికి తగవు. వానికి జారు గల పెద్ద మిక్సీయో, రోలో ఉండవలెను.

మూడవ కారణము నీరు. కాడను కడుగునప్పుడు పిడిని కొళాయి క్రింద పట్టరాదు. కుతకుతలాడు పప్పులో ముంచరాదు. ఆవిరి పైకెక్కి మోటారును చేరును, వేడి పప్పు చిందినచో చేయి కాలును. గిన్నెను పొయ్యిమీదినుండి దించి, కొంచెము ఆరిన పిదప కత్తిని పూర్తిగా ముంచి, అప్పుడే స్విచ్చి నొక్కవలెను. పని కాగానే మంచినీటిలో కత్తిని క్షణకాలము త్రిప్పి, ప్లగ్గు తీసి, తుడిచి, కాడను క్రిందికి వ్రేలాడదీయవలెను. గొట్టపుబావి నీటిలో లవణములు ఎక్కువగా నున్న యిండ్లలో కడ్డీ చుట్టును తెల్లని పొర కట్టును. అది సీలును కోయును. కావున తడి ఆరనిచ్చి దాచుట మేలు.

ఇక మరమ్మతు. ప్లగ్గు తీయక ఏ భాగమును ముట్టరాదు. స్విచ్చి ఆపిన చాలునని అనుకొనరాదు. ఈ నియమమును పిల్లలకును గట్టిగా నేర్పవలెను.

మిక్సీ అసలు పలుకనిచో, ముందు ఆ ప్లగ్గుపెట్టెలో వేరొక దీపమును పెట్టి చూడవలెను. దీపము వెలిగినచో దోషము మిక్సీలోనిది. కొన్నింటిలో వేడెక్కినప్పుడు తానే ఆగు కట్టుబాటు కలదు. అరగంట ఆరనిచ్చి మరల చూడవలెను. అప్పటికిని నడువనిచో తీగను అనుమానింపవలెను. పిడిలోనికి తీగ ప్రవేశించు చోట మాటిమాటికి వంగి లోపలి రాగి తెగుట సాధారణము. మిక్సీచుట్టు తీగను బిగించి చుట్టు అలవాటే దీనికి మూలము. మల్టీమీటరు ఉన్నవారు ప్లగ్గు యొక్క రెండు కాళ్ళకు దాని మొనలు తాకించి, స్విచ్చి నొక్కి, తీగను వంచి చూడవచ్చును. అంకె నిలుకడగా నుండక ఎగిరిపడినచో తీగ తెగినట్లే. వేగమును మార్చు ఎలక్ట్రానిక్ పలక గలవానిలో ఈ పరీక్ష నమ్మదగినది కాదు.

మోటారు మ్రోగుచున్నను కత్తి తిరుగనిచో కప్లింగు అరిగినదని తెలియవలెను. దీనిని మార్చుట సులభము. పాత బిళ్ళను అంగడికి తీసికొనిపోయి సరిగా అదే కొలతది తేవలెను. కొన్నింటి మర కుడివైపునకు, కొన్నింటిది ఎడమవైపునకు వదులగును. బలము చేసి విరువరాదు. కత్తి వద్ద నల్లని జిడ్డు కారినచో సీలు చెడినది. అట్టి మిక్సీతో ఆహారము కలుపరాదు.

పిడిలో నీలి మెరుపులు ఎక్కువై, మోటారు ఆగి ఆగి తిరిగినచో కార్బన్ ముక్కలు అరిగియుండును. వెలుపలనుండి మూత విప్పి తీయదగినవైన యెడల రెండింటిని ఒకేసారి మార్చవలెను. ఒకటి పాతది, ఒకటి క్రొత్తది పెట్టరాదు. పిడినే పగులదీసి తెరువవలసిన మిక్సీలలో ఈ పని తెలిసినవానికే అప్పగింపవలెను. మాడిన వాసన గట్టిగా వచ్చి మోటారు నిలిచినచో చుట్ట కాలినది. చుట్ట తిరిగి కట్టు ఖర్చును క్రొత్తదాని వెలతో పోల్చి చూచి నిర్ణయింపవలెను.

తల్లిదండ్రులు ఒక విషయము విశేషముగా గమనింపవలెను. చేతి మిక్సీలు చాలవరకు రెండు కాళ్ళ ప్లగ్గువి. వానికి ఎర్తు తీగ లేదు. రెండు పొరల రక్షణయే వాని భద్రత. పెద్ద చతురస్రములో చిన్న చతురస్రము గల గుర్తు దానిని తెలుపును. పగిలిన పిడికి టేపు చుట్టి వాడుట, తెగిన తీగను మెలివేసి అతుకుట ఆ రక్షణను తొలగించుటయే. నూరు రూపాయల తీగకొరకు ప్రాణమును పణము పెట్టరాదు. ఇంటి మీటరు వద్ద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. బిగించుకొనుట అందరికిని క్షేమము.

కొనునప్పుడే మన్నికను ఆలోచింపవలెను. కాడ విడదీయ వచ్చునా? కప్లింగు, కార్బన్ విడిగా దొరకునా? సర్వీసు కేంద్రము బళ్లారిలో గలదా? ఈ మూడు ప్రశ్నలు వాట్ల సంఖ్యకంటె ముఖ్యము. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరము డిసెంబరు 24న దానికై ఒక పోర్టలు ప్రారంభించినది. గృహోపకరణములు ఆ హక్కు పరిధిలోనివే. రసీదును, గ్యారంటీ కాగితమును భద్రపరచినవారికే ఇట్టి హక్కులు అక్కరకు వచ్చును.

మన యిండ్లకు మరియొక చిక్కు కలదు. మిక్సీతో వచ్చు పుస్తకము అనేక పర్యాయములు ఇంగ్లీషు, హిందీ భాషలలోనే యుండును. తెలుగు చదువుకొన్న తల్లికి అది మూగ కాగితము. బజారున మనకు కన్నడము, తెలుగు, ఉర్దూ మూడును చెల్లును. మరమ్మతు అంగడిలో ‘కార్బన్ అరిగినది’ యన్న మాట మూడు భాషలవారికిని తెలియును. కాని ఆ అంగడికి పోవుటకు ముందే, ఇంటిలో చదివి తెలిసికొనవలసిన హెచ్చరికలు కలవు. పై తరగతుల పిల్లలు ఆ పుస్తకమును చదివి, నాలుగు ముఖ్య వాక్యములను తెలుగులో వ్రాసి వంటింటి గోడకు అంటింపవలెనని నా కోరిక: ఎంతసేపు నడుపవలెను, ఏది వేయరాదు, ఎట్లు కడుగవలెను, ఎవరికి ఫోను చేయవలెను. దీనివలన బిడ్డకు భాష వచ్చును, తల్లికి విషయము తెలియును, మిక్సీ నిలుచును.

పూర్తిగా చెడిన మిక్సీని చెత్తలో పారవేయక, తీగను కాల్చి రాగి తీయక, ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి ఈయవలెను. ప్లాస్టిక్ తీగ పొగ మిక్కిలి విషము. కాని ఆ దినము ఎంత ఆలస్యముగా వచ్చిన అంత మేలు. వస్తువును బాగుచేసి వాడుట లోభము కాదు; కష్టార్జితమునకు మర్యాద చేయుట. ఆ మర్యాదను పిల్లలు పుస్తకమునుండి కంటె ఇంటిలో పెద్దలను చూచి త్వరగా నేర్చుకొందురు.